ఎవరి పేర ఇల్లు? ఎవరి దయమీద వీసా?

పోయిన ఏడాది హైదరాబాదులో ఒక సదస్సులో, అమెరికాలో హెచ్-4 వీసామీద బతుకుతున్న తెలుగు స్త్రీల గురించి మాట్లాడాను. మాట్లాడి కూర్చున్నాక, జీవితమంతా పేద స్త్రీల భూమి హక్కు కోసం తిరిగిన ఒక పెద్దావిడ లేచి, "నాలుగు పడగ్గదుల ఇళ్ళల్లో ఉండేవాళ్ళ కష్టాలు కూడా మనమే మొయ్యాలా అమ్మా?" అని అడిగారు. సభ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు చాలా రోజులు గుచ్చుకుంది. ఆవిడ ప్రశ్నలో సగం న్యాయం ఉంది. మిగతా సగానికి నేను ఆ రోజు జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

న్యాయమైన సగం ముందు ఒప్పుకుంటాను. ఉద్యోగ వీసాలమీద అమెరికా వెళ్ళిన తెలుగువాళ్ళలో ఎక్కువమంది భూమి ఉన్న కులాల నుంచి, ఇంజనీరింగు చదువు కొనగలిగిన ఇళ్ళ నుంచి వెళ్ళినవాళ్ళు. షియాంగ్ బియావ్ అనే చైనా మానవశాస్త్రవేత్త 2007లో వెలువరించిన 'గ్లోబల్ బాడీ షాపింగ్' పుస్తకంలో, ఆంధ్ర నుంచి సాగిన ఈ కంప్యూటరు వలస వెనక పల్లెల మిగులు, కట్నాల సొమ్ము ఎలా పనిచేశాయో వివరంగా చూపించాడు. ఆ మిగులు ఎవరి చేతుల్లోంచి వచ్చిందో మనకి తెలుసు. నాట్లు వేసిన దళిత స్త్రీల పేర ఏ పాసుపుస్తకమూ లేదు. నేను ఈ వ్యాసంలో చెప్పబోయే ఎకరంన్నర పొలం అమ్ముడుపోయినప్పుడు, దాన్ని కౌలుకి చేసుకుంటున్న కుటుంబానికి ఒక్క రూపాయి రాలేదు. వాళ్ళని అడగాలని కూడా మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

కాని ఆ మిగులు చేరిన ఇంట్లో కూడా ఆడదానికి పేరు లేకపోవడం వేరే సంగతి కాదు. అదే సంగతి రెండో చివర. అంచేత ఆ పెద్దావిడ ప్రశ్నని తిరగేసి అడుగుతున్నాను. ఆ నాలుగు పడగ్గదుల ఇల్లు ఎవరిది?

ముందు ఈ వీసాల వ్యవహారం కొంచెం చెప్పుకోవాలి. తెలియని పాఠకులు విసుక్కోకుండా చదవండి, అసలు పట్టు అక్కడే ఉంది. అమెరికా 1990లో చేసిన వలస చట్టం ఉద్యోగాల ద్వారా ఇచ్చే గ్రీన్‌కార్డుల్ని ఏడాదికి సుమారు 1,40,000గా పెట్టింది. ఇందులో భార్యాపిల్లలు కూడా లెక్కే. ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్ళకీ 7 శాతానికి మించి దక్కకూడదని మరో షరతు. ఇండియా నుంచి వెళ్ళే ఇంజనీర్లు లక్షల్లో ఉంటే తలుపు సందు అంతే. 2025 చివరికి చదువుకున్న ఉద్యోగుల వరసల్లో ఒకటైన ఇ.బి-2లో, ఇండియావాళ్ళకి 2013లో అర్జీ పడినవారి వంతు నడుస్తోంది. ఈలోగా హెచ్-1బి ఆరేళ్ళతో అయిపోకుండా, 2000లో చేసిన మరో చట్టం దాన్ని పొడిగించుకుంటూ పోనిస్తోంది. మూడేళ్ళు, మళ్ళీ మూడేళ్ళు. అంటే ఒక మనిషి తన వయసులో మంచి కాలమంతా తాత్కాలికంగా ఉండిపోవచ్చు.

అంత కాలం ఎవరు మాత్రం అద్దెకి ఉంటారు? పిల్లలు పుడతారు, మంచి బడి ఉన్న పేట కావాలి. అద్దె కట్టే డబ్బుతో వాయిదా కట్టుకోవచ్చు కదా అంటారు. నిజమే. శాశ్వత నివాసం లేనివాళ్ళు ఇల్లు కొనకూడదని చట్టమూ అనదు. అలా మూడేళ్ళ వీసామీద ముప్పై ఏళ్ళ అప్పు పుడుతుంది. డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో, అట్లాంటాకి ఉత్తరాన కమింగ్‌లో, న్యూజెర్సీ ఎడిసన్‌లో తూర్పుముఖం స్థలాలకి బిల్డర్ల దగ్గర మనవాళ్ళు వరస కడతారు. పాలు పొంగిస్తారు. హోమం పొగకి కప్పులోని పొగగంట మోగకుండా దానికి ప్లాస్టిక్ సంచీ కడతారు. ఆ ఫొటోలు మన ఫోన్లకి వస్తాయి. పట్టుచీర కట్టుకుని కుడికాలు ముందు పెడుతున్న ఆమెని చూసి మనం "ఇల్లాలే ఇంటికి దీపం" అని మురుస్తాం. దీపం పేర దస్తావేజు రాయరని ఆ క్షణంలో మనకి గుర్తురాదు.

ఆమె వీసా పేరు హెచ్-4. హెచ్-1బి మనిషి భార్య, లేదా భర్త. ఎక్కువగా భార్య. 2015 మే నెల దాకా ఈ వీసామీద ఉన్నవాళ్ళు ఎవరూ జీతానికి పనిచెయ్యడానికి వీల్లేదు. ఆ నెల నుంచి, భర్త గ్రీన్‌కార్డు అర్జీ ఒక మెట్టు దాటితే భార్యకి పని అనుమతి కార్డు ఇస్తున్నారు. ఆ నియమంమీద వెంటనే కేసు పడింది. ఒక ప్రభుత్వం దాన్ని ఎత్తేస్తానని ప్రకటించింది, 2021లో ఇంకో ప్రభుత్వం ఆ ప్రతిపాదన వెనక్కి తీసుకుంది. 2024లో అప్పీలు కోర్టు నియమం చెల్లుతుందంది. 2025 అక్టోబరు చివర నుంచి కార్డు తిరగరాయించుకునేటప్పుడు ఇదివరకు ఉన్న పొడిగింపు గడువు తీసేశారు. అంటే కొత్త కార్డు చేతికొచ్చేదాకా ఉద్యోగం ఆపుకోవాలి. పదేళ్ళుగా ఒక స్త్రీ పని హక్కు ఇలా ఊగుతూనే ఉంది. ఆ కార్డు రానివాళ్ళకి సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండదు. నంబరు లేకపోతే అప్పుల చరిత్ర ఉండదు. అప్పుల చరిత్ర లేకపోతే బ్యాంకు దృష్టిలో మనిషే లేదు. పల్లవి బెనర్జీ అనే సామాజిక శాస్త్రవేత్త 2022లో 'ది ఆపర్చునిటీ ట్రాప్' అన్న పుస్తకంలో ఈ ఆధారపడే వీసాలు కుటుంబాల లోపల ఏం చేస్తాయో రాసింది. చదవవలసిన పుస్తకం.

ఇక మా ఇంటి సంగతికి వస్తాను. పరిశోధకురాలిగా ఇతరుల ఇళ్ళ గురించి రాయడం సుళువు. మా చెల్లెలు "రాయి అక్కా, నా పేరు మాత్రం వద్దు" అంది కాబట్టి రాస్తున్నాను.

మా నాన్న కృష్ణా డెల్టాలో చిన్న రైతు. మా ఇద్దరికీ పసుపు కుంకుమల కింద చెరో ఎకరంన్నర ఇచ్చారు. నాది ఇప్పటికీ నా పేరనే ఉంది. అందులో నా గొప్పేమీ లేదు. నేను ఇక్కడే ఉద్యోగం చేసుకుంటూ ఉండిపోయాను, నా పొలం ఎవరికీ అవసరం పడలేదు. మా చెల్లెలు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, జూనియర్ కాలేజీలో రెండేళ్ళు పాఠాలు చెప్పి, 2012లో పెళ్ళి చేసుకుని హెచ్-4 మీద జార్జియా వెళ్ళింది. మా మరిది కట్నం అడగలేదు. ఈ మాట మా ఇంట్లో గర్వంగా చెప్పుకునేవాళ్ళం. 2016లో వాళ్ళు ఇల్లు కొనాలనుకున్నప్పుడు, అయిదో వంతు సొమ్ము ముందు కడితే బీమా భారం తప్పుతుందని, కొంచెం తగ్గిందని ఫోన్ వచ్చింది. చెల్లెలి పొలం అమ్మారు. ఆ ఏడు అమరావతి వేడిలో మా వైపు పొలాలకి మంచి ధర పలికింది కూడా.

ఇక్కడ ఒక కాగితం గురించి చెప్పాలి. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ కాగితమే. అమెరికాలో ఇంటి అప్పు ఇచ్చే సంస్థలు, ముందు కట్టే సొమ్ము బంధువుల నుంచి వస్తే, ఆ బంధువు చేత ఒక ఉత్తరం రాయించుకుంటాయి. దాన్ని గిఫ్ట్ లెటర్ అంటారు. ఇచ్చేవాళ్ళ పేరు, పుచ్చుకునేవాళ్ళ పేరు, వాళ్ళిద్దరికీ బంధుత్వం, ఎంత సొమ్ము, ఏ ఇంటి కోసం. చివర ఒక వాక్యం: ఇది కానుక, దీన్ని తిరిగి చెల్లిస్తారని నేను ఆశించడం లేదు. అప్పు మా మరిది ఒక్కడి పేర తీసుకున్నారు. కాబట్టి పుచ్చుకునేవాళ్ళ గడిలో మా మరిది పేరు. బంధుత్వం గడిలో 'అల్లుడు'. కింద మా నాన్న సంతకం. బ్యాంకులో డబ్బు పంపే ఫారంలోనూ కానుక అన్న గడే నింపారు.

నాన్నకి ఇంగ్లీషు రాదు. ఆ ఉత్తరం టైపు చేసింది నేను. అప్పటికి నాకు డాక్టరేటు వచ్చి ఎనిమిదేళ్ళు. స్త్రీలు, ఆస్తి హక్కు అన్న విషయంమీద రెండు వ్యాసాలు అచ్చయ్యాయి.

ఎంత శుభ్రంగా జరిగిందో చూడండి. 1961 వరకట్న నిషేధ చట్టం 6వ సెక్షను ప్రకారం, కట్నం కింద ఎవరు ఏది పుచ్చుకున్నా మూడు నెలల్లోగా పెళ్ళికూతురికి అప్పజెప్పాలి. అప్పజెప్పేదాకా ఆమె కోసం ధర్మకర్తలాగా దాచి ఉంచాలి. 1985లో సుప్రీంకోర్టు స్త్రీధనం పూర్తిగా ఆమెదేనని, భర్త దగ్గర ఉన్నా అది అతనికి నమ్మి అప్పగించిన సొమ్మేనని చెప్పింది. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను ఆమె చేతిలో ఉన్న ఆస్తిని ఆమె సొంతం చేసింది. ఇన్ని చట్టాలు ఉన్న దేశం నుంచి ఆమె పొలం అమ్మిన డబ్బు, మామ అల్లుడికి ఇచ్చిన కానుకగా వేషం మార్చుకుని, మామ స్వహస్తాలతో చేసిన సంతకంతో సముద్రం దాటింది. కట్నం అడగని అల్లుడు కట్నం పుచ్చుకున్నాడు, పుచ్చుకున్నట్టు అతనికీ తెలియదు. దీన్ని మోసం అనడానికి మనసు ఒప్పదు. మా మరిది మోసగాడు కాదు, నన్ను 'వదినా' అని ప్రేమగా పిలిచే మనిషి. పితృస్వామ్యానికి చెడ్డవాళ్ళు అక్కర్లేదు, ఫారాలు చాలు.

ఇల్లు ఆయన ఒక్కడి పేరనే రిజిస్టరయింది. "నీకు నంబరు లేదు కదా, నీ పేరు పెట్టనివ్వరు" అన్నాడట. అతను అబద్ధమాడలేదు, అలాగే అనుకున్నాడు. ఈ మాట నాకు ఎంతమంది స్త్రీలు చెప్పారో లెక్కలేదు. ఇది తప్పు. మన పల్లెల్లో ఏ రైతునడిగినా చెప్తాడు, ప్రోనోటు వేరు, దస్తావేజు వేరు అని. అమెరికాలోనూ అంతే. అప్పు కాగితంమీద సంతకం చేసేవాడికి ఆదాయం, అప్పుల చరిత్ర కావాలి. ఇంటి హక్కు కాగితంమీద పేరు ఉండటానికి అవి అక్కర్లేదు. అప్పు తియ్యని భార్య కూడా యజమానుల్లో ఒకరు కావచ్చు. చాలాచోట్ల కావలసిందల్లా, ఇల్లు చేతులు మారేరోజు కాగితాలు తయారుచేసేవాళ్ళకి ఆమె పేరు కూడా రాయమని చెప్పడం. ఆ ఒక్క మాట చెప్పడానికి ఎవరికీ గుర్తుండదు. వంటగదిలో రాతి పలక ఏ రంగుదో తేల్చడానికి మాత్రం ఆమెని నాలుగుసార్లు తీసుకెళ్తారు.

ఇల్లు ఏ రాష్ట్రంలో ఉందన్నదాన్నిబట్టి కూడా ఆమె జాతకం మారిపోతుంది. టెక్సాస్, కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఆరిజోనా వంటి తొమ్మిది రాష్ట్రాల్లో పెళ్ళయ్యాక సంపాదించినది మామూలుగా ఇద్దరి ఉమ్మడి ఆస్తి కింద లెక్క. టెక్సాస్‌లో కాపురం ఉంటున్న ఇంటిని భార్య సంతకం లేకుండా భర్త అమ్మలేడు. జార్జియాలో అలా కాదు. దస్తావేజులో ఒక్కడి పేరే ఉంటే ఒక్కడి సంతకం సరిపోతుంది. అంటే ఫ్రిస్కోలో ఉన్న మేనమామ కూతురికి ఉన్న హక్కు కమింగ్‌లో ఉన్న మా చెల్లెలికి లేదు. అదే పెళ్ళి, అదే డెల్టా భూమి, అదే పసుపు కుంకుమ. అయినా టెక్సాస్ ఆడవాళ్ళు నిశ్చింతగా ఉండటానికి లేదు. అక్కడ కూడా ఒకరికి కానుకగా వచ్చినది వాళ్ళ సొంత ఆస్తి. మామగారు అల్లుడి పేర రాసిచ్చిన గిఫ్ట్ లెటర్ రేపు విడాకుల కోర్టులో ఎవరి పక్షాన సాక్ష్యం చెబుతుందో ఆలోచించుకోండి.

2023 జనవరిలో, పెద్ద కంపెనీలన్నీ వేలమందిని తీసేస్తున్న రోజుల్లో, మా మరిది ఉద్యోగం పోయింది. హెచ్-1బి మనిషికి ఉద్యోగం పోతే 60 రోజుల వరకు గడువు. 2017 జనవరి నుంచి ఉన్న నియమం ఇది, అంతకుముందు అదీ లేదు. ఆ రోజుల్లో వేరే ఉద్యోగం దొరక్కపోతే దేశం వదలాలి. ఆయన వదలాలంటే ఆమె వదలాలి, ఆమె కార్డు వదలాలి, అక్కడ పుట్టిన పిల్ల బడి వదలాలి. మా చెల్లెలికి 2019లో పని కార్డు వచ్చి ఒక లాబొరేటరీలో చేరింది. మూడేళ్ళు తన జీతం తెచ్చి ఇంటి వాయిదాల్లో పోసింది. 2022లో కార్డు తిరగరాయడం ఆలస్యమై ఆ ఉద్యోగం ఊడింది. ఆ అరవై రోజులూ అర్ధరాత్రి ఫోన్ చేసేది. ఇంటి గురించి కాదు, మళ్ళీ కాలేజీలో తీసుకుంటారా అక్కా అని అడిగేది.

చివరి వారంలో మరిదికి ఒహాయోలో తక్కువ జీతానికి కొలువు దొరికింది. ఆ వేసవిలో ఇల్లు అమ్మేశారు. అమ్మకం రోజు మా చెల్లెలు సంతకం పెట్టలేదు, ఎవరూ అడగలేదు. అప్పు తీరగా మిగిలినదానితో కోకాపేటలో ఒక ఫ్లాటు కొన్నారు. మా మరిది పేర, వాళ్ళమ్మగారి పేర. "అమ్మ ఇక్కడే ఉంటుంది కదా వదినా, ప్రతిదానికీ పవర్ ఆఫ్ అటార్నీ అంటూ తిరగక్కర్లేదు" అన్నాడు. ఎంత సబబైన మాట! అలా కృష్ణా డెల్టాలో ఎకరంన్నర పొలం జార్జియాలో ఇల్లయి, కోకాపేటలో ఆకాశంలో పన్నెండో అంతస్తు అయింది. మూడుసార్లు రూపం మారింది. మొదటిసారి మాత్రమే దానిమీద మా చెల్లెలి పేరుంది.

ఆమె అడగవచ్చు కదా అంటారా? జార్జియా కోర్టులు కూడా విడాకుల వేళ ఆస్తిని న్యాయంగా పంచుతాయి. దస్తావేజులో పేరు లేకపోయినా, పెళ్ళి కాలంలో వచ్చిన ఆస్తిలో ఆమె వాటా అడగవచ్చు. కాని ఆ తలుపు తెరుచుకునేది విడాకులతో. విడాకులు అయిన రోజునే హెచ్-4 పోతుంది. ఇంట్లో వాటా అడగాలంటే పెళ్ళి వదులుకోవాలి, పెళ్ళి వదులుకుంటే ఆ ఇల్లున్న దేశమే వదులుకోవాలి. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడానికి ఇంతకన్న చక్కటి ఏర్పాటు మనువుకి కూడా తోచలేదు.

మా చెల్లెలి ఇంట్లో దెబ్బలు లేవు. దెబ్బలున్న ఇళ్ళు నేను చూశాను. అక్కడ ఈ ఏర్పాటు ఉరితాడవుతుంది. అమెరికా 1994లో స్త్రీలపై హింసకి వ్యతిరేకంగా చట్టం చేసింది, దాని కింద దెబ్బలు తిన్న భార్య సొంతంగా శాశ్వత నివాసానికి అర్జీ పెట్టుకోవచ్చు. ఎవరి భార్య? పౌరుడి భార్య, గ్రీన్‌కార్డున్నవాడి భార్య. వరసలో నిలబడ్డవాడి భార్యకి అది లేదు. అంటే భర్తకి గ్రీన్‌కార్డు వచ్చేదాకా దెబ్బలు ఓర్చుకోమని. 2005లో ఆ చట్టాన్ని సవరించి ఇలాంటి స్త్రీలకి కనీసం పని అనుమతి ఇస్తామన్నారు. దానికి ఒక ఫారం తయారుకావడానికి 2017 వచ్చింది. నేరాల బాధితులకిచ్చే యు-వీసా ఉంది, ఏడాదికి 10,000. దానికీ ఏళ్ళ తరబడి వరస. ఒకామె నాతో అంది: "పోలీసుల్ని పిలిస్తే ఆయన ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే ఇల్లు పోతుంది, వీసా పోతుంది. నాలుగు దెబ్బలకి ఇంత ఖరీదా అని ఊరుకున్నాను." ఆమె ఇల్లు నేను చూశాను. గోడలన్నీ తనే రంగు వేసుకుంది. తన ఇంటి గోడకి రంగు వెయ్యడం పని కాదు, చట్టానికి అభ్యంతరం లేదు. అదే చేత్తో ఆవకాయ జాడీ కలిపి పక్కింటివాళ్ళకి అమ్మితే, కార్డు లేని హెచ్-4కి అది అనుమతి లేని పని.

చావు ముందు కూడా ఇదే లెక్క. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతాలో శ్రీనివాస్ కూచిభొట్లని ఒక జాత్యహంకారి కాల్చి చంపినప్పుడు మనమందరం ఏడ్చాం. ఆయన భార్య సునయన దుమాలకి ఆ రాత్రి భర్తతోబాటు ఆ దేశంలో ఉండే హక్కు కూడా పోయింది. ఆ సంగతి ఆమె తనే బయటపెట్టి మాట్లాడింది. ఇద్దరూ ఇష్టపడి కట్టుకున్న ఇల్లు అక్కడ ఉంది. అంత్యక్రియలకి హైదరాబాదు వచ్చిన ఆమె తన ఇంటికి తిరిగి వెళ్ళడానికి ఒక పార్లమెంటు సభ్యుడు పూనుకోవలసి వచ్చింది. పత్రికల్లో ఫొటో పడని విధవల కోసం ఎవరు పూనుకుంటారు?

ఇంటి లోపలికి కూడా ఒకసారి చూడాలి. మూడువేల చదరపు అడుగుల ఇల్లు, పనిమనిషి లేదు. ఊడ్చేదీ తుడిచేదీ ఒక్కతే. ఆ ఇళ్ళ నమూనాల్లో కింది అంతస్తులో ఒక గది, దానికి వేరే స్నానాలగది ఉంటాయి. అమెరికన్ ఇళ్ళ వ్యాపారులు దాన్ని అత్తగారి గది అనే అంటారు, వాళ్ళ భాషలోనే. మనవాళ్ళు అది లేని ఇల్లు కొనరు. ఆరునెలల సందర్శక వీసామీద అత్తమామలు వచ్చి ఆ గదిలో ఉంటారు. అమ్మానాన్నలు రావడం తక్కువ. మా నాన్న తను డబ్బు పెట్టిన ఇంట్లో ఏడేళ్ళలో మూడు వారాలు పడుకున్నారు. అదీ మేనకోడలి పెళ్ళికి వెళ్ళినప్పుడు, పై గదిలో.

సొంతంగా హెచ్-1బి ఉన్న స్త్రీలు ఉన్నారు, వాళ్ళ ఇళ్ళమీద వాళ్ళ పేర్లు ఎక్కువగానే ఉంటున్నాయి. ఇది చాలు, జీతం ఉన్నచోట పేరు దానంతటదే వస్తుందని తెలియడానికి. జీతం రానివ్వనిది చట్టమైనప్పుడు, పేరు లేకపోవడాన్ని ఆమె అమాయకత్వం కింద ఎలా జమకడతాం?

ఇదంతా విని, గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఇల్లు కొనవద్దని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. మన సంఘాల్లోనే ఉన్నారు. నేను ఆ మాట అనను. వచ్చేదెప్పుడో తెలియని కార్డు కోసం ఒక స్త్రీ తన గోడకి మేకు కొట్టుకోకుండా నలభై ఏళ్ళు దాటిపోవాలా? అసలు వాయిదా వేసుకోవడమే ఈ వీసా స్వభావం. చదువు వాయిదా, ఉద్యోగం వాయిదా, కొందరికి రెండో బిడ్డ వాయిదా. ఇల్లు కూడా వాయిదా వేసుకోమని చెప్పే హక్కు మనకెక్కడిది? కొననివ్వండి. కాని పేరు లేకుండా కొనకండి. పైగా రోజులు ఇంకా బిగిసిపోతున్నాయి. 2025 మే 25 నుంచి ప్రభుత్వం హామీ ఉండే ఎఫ్.హెచ్.ఎ. అప్పులు శాశ్వత నివాసం లేనివాళ్ళకి ఆపేశారు. కొంచెం సొమ్ముతో ఇల్లు కొనే దారుల్లో ఒకటి మూసుకుంది. మామూలు అప్పులు ఇంకా పుడుతున్నాయి, వాటికి ముందు సొమ్ము గట్టిగా ఉంటే మేలు. ఆ లోటు పూడ్చమని ఫోన్ ఎవరింటికి వస్తుందో నేను చెప్పక్కర్లేదు.

"మేం పెట్టమంటే అల్లుడు ఏమనుకుంటాడో" అంటారు తల్లిదండ్రులు. ఏమనుకుంటాడో తెలుసుకోవడానికి అంతకన్న మంచి సమయం మళ్ళీ రాదు. డబ్బు ఇంకా మీ చేతిలో ఉంది. పొలం అమ్మిన సొమ్ము ముందు కూతురి పేర ఉన్న ఖాతాలో పడనివ్వండి. ఉత్తరంలో పుచ్చుకునేవాళ్ళ గడిలో ఆమె పేరు ఉండనివ్వండి, అప్పు అతనొక్కడిదే అయితే ఇద్దరి పేర్లూ ఉండనివ్వండి. దస్తావేజు నకలు ఒకటి పుట్టింట్లో పెట్టుకోండి. సారెలో ఇత్తడి బిందె పెట్టడానికి పడే శ్రద్ధలో నాలుగో వంతు చాలు. ఇక్కడి స్త్రీల సంఘాలు కూడా ఎన్నారై పెళ్ళిళ్ళంటే వదిలేసి పారిపోయిన మొగుళ్ళ కేసులే అనుకోవడం మానాలి. తిరుపతిలో పెళ్ళయిన ఒకామె భర్త మిస్సోరీ కోర్టులో తెచ్చుకున్న విడాకులు ఇక్కడ చెల్లవని 1991లో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు మనం సంతోషించాం. సంతోషించదగిన తీర్పే. వదిలెయ్యని మొగుళ్ళ ఇళ్ళల్లో, పొద్దున్నే డబ్బాలు కట్టి బడికి పంపి, వాయిదాలో జీతం పోసి, కాగితంమీద లేని ఆడవాళ్ళకి ఏ తీర్పూ ఇంకా రాలేదు.

ఈ సంక్రాంతికి మా పిన్ని ఫోన్ చేసింది. వాళ్ళ అమ్మాయి, అల్లుడు నార్త్ కరోలినాలో ఇల్లు కొంటున్నారు. గుంటూరులో స్థలం అమ్మి పంపుతున్నారు, ఉత్తరం నేనే టైపు చేసిపెట్టాలి. "నువ్వైతే అలవాటున్నదానివి" అంది. చేశాను. పుచ్చుకునేవాళ్ళ గడిలో పిన్ని కూతురి పేరు మొదట, అల్లుడి పేరు తర్వాత రాశాను. దస్తావేజులోనూ ఇద్దరి పేర్లు ఉండాలని పిన్నితోనే చెప్పాను. అప్పు ఇచ్చే సంస్థవాళ్ళు ఆ ఉత్తరం మారుమాట లేకుండా తీసుకున్నారట. మర్నాడు వియ్యపురాలు పిన్నికి ఫోన్ చేసి, మా అబ్బాయి మీద మీకు నమ్మకం లేదా అని అడిగిందట.

పిన్ని నాతో మాట్లాడి ఇప్పటికి మూడు వారాలయింది. పిన్ని కూతురు మాత్రం రాత్రి ఒక ఫొటో పంపింది. ఇల్లు ఫొటో కాదు, దస్తావేజు మొదటి పేజీ.